కిరాణా కొట్టులో జ్వరం బిళ్ల.. లైసెన్సు లేనిదే చెల్లదు
వెయ్యి జనాభా దాటిన ఊళ్లకు మినహాయింపు లేదు * పరిమిత లైసెన్సుకు వేరే దారి * ఉల్లంఘిస్తే మూడేళ్ల జైలు

కీసర: జ్వరం బిళ్ల, తలనొప్పి మాత్ర, దగ్గు మందు. వీటిని కొనడానికి వైద్యుని చీటీ అక్కర్లేదు గనుక అమ్మడానికి లైసెన్సు కూడా అక్కర్లేదన్న భావన పల్లెల్లోనే కాక నగర శివారు కాలనీల్లోనూ బలంగా ఉంది. చట్టం చెబుతున్నది వేరు. చీటీ అవసరం లేని మందుకైనా దానిని అమ్మే దుకాణానికి లైసెన్సు ఉండి తీరాలి. దీనికి ఉన్న మినహాయింపు చాలా చిన్నది. కీసర, నాగారం, దమ్మాయిగూడ, శామీర్‌పేట, మేడ్చల్ వంటి జనసమ్మర్దం గల ప్రాంతాలేవీ ఆ మినహాయింపు కిందికి రావు. తెలియక పది మాత్రలు పెట్టుకున్న చిల్లర వ్యాపారికి సైతం చట్టంలోని శిక్ష మూడేళ్ల జైలుతో మొదలవుతుంది. ఈ నేపథ్యంలో నిబంధనలు ఏమిటో, ఎవరికి ఏ లైసెన్సు కావాలో, కొనుగోలుదారులు ఏమి గమనించాలో తెలిపే కథనమిది.

చట్టం పుట్టుక

బ్రిటిష్ పాలనలో కల్తీ మందుల బెడద పెరగడంతో 1930లో కర్నల్ ఆర్.ఎన్.చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పాటైంది. ఆ సంఘం సిఫారసుల ఫలితంగా 1940లో ఔషధాల చట్టం వచ్చింది. సౌందర్య సాధనాలను కూడా చేర్చాక అదే 'డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం'గా స్థిరపడింది. దాని అమలుకు 1945లో నియమావళిని రూపొందించారు. మందుల తయారీ నుంచి చిల్లర అమ్మకం వరకు నేటికీ ఈ రెండే ఆధారం.

చట్టంలోని 18వ సెక్షన్ 'సి' ఖండం ప్రకారం లైసెన్సు లేకుండా, లేదా లైసెన్సు షరతులకు విరుద్ధంగా మందులను అమ్మరాదు. అమ్మకానికి నిల్వ ఉంచడం, ప్రదర్శించడం, పంపిణీ చేయడం కూడా నిషిద్ధమే. కనుక 'అమ్మలేదు, అలమారలో పెట్టుకున్నాం అంతే' అన్న వాదన దుకాణదారును కాపాడదు.

రాష్ట్రంలో ఈ చట్టం అమలు బాధ్యత తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానిది (డీసీఏ). లైసెన్సుల మంజూరు, తనిఖీలు, నమూనాల సేకరణ, కోర్టుల్లో కేసులు దాఖలు చేయడం దాని విధులు. క్షేత్రస్థాయిలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లు పనిచేస్తారు.

'ఓటీసీ' చట్టంలో లేని మాట

చీటీ లేకుండా ఇచ్చే మందులను వ్యాపార పరిభాషలో 'ఓవర్ ది కౌంటర్', క్లుప్తంగా ఓటీసీ మందులంటారు. మన చట్టంలో ఈ పేరుతో ప్రత్యేక తరగతి లేదు. నియమావళి కొన్ని మందులను షెడ్యూళ్లుగా విభజించింది. ఆ షెడ్యూళ్లలో లేని వాటినే వాడుకలో ఓటీసీ అంటున్నారు.

షెడ్యూలు హెచ్: వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందులు. అట్టపై 'ఆర్‌ఎక్స్' గుర్తు, హెచ్చరిక ఉంటాయి.

షెడ్యూలు హెచ్1: 2013లో నోటిఫై చేయగా 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, అలవాటుగా మారే ప్రమాదమున్న కొన్ని మందులు కలిపి తొలుత 46 ఇందులో చేరాయి. వీటిని అమ్మినపుడు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి.

షెడ్యూలు ఎక్స్: మరింత కట్టుదిట్టమైన నియంత్రణ గల మందులు. వీటికి విడిగా లైసెన్సు తీసుకోవాలి.

షెడ్యూలు జి: వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదకరమని అట్టపై హెచ్చరిక ముద్రించవలసిన మందులు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ ఇందులో ఉన్నాయి. జలుబు మాత్రల్లో కలిసే యాంటీహిస్టమిన్ రకాలు కూడా ఇందులో కనిపిస్తాయి. జలుబు మాత్రే కదా అని కిరాణా కొట్టులో ఉంచడం అందుకే ప్రమాదం.

పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, డైక్లోఫినాక్ పైపూత, క్లోట్రిమజోల్ క్రీము, కాలమైన్ లోషన్ సహా 16 రకాలను చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతించే ముసాయిదాను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022 మేలో ప్రచురించింది. ఐదు రోజులకు మించి సరిపడే మందు ఇవ్వరాదన్నది అందులోని ఒక షరతు. ఆ ముసాయిదా కూడా లైసెన్సున్న దుకాణాలను ఉద్దేశించినదే. కిరాణా కొట్టుకు అది తలుపులు తెరవలేదు.

మినహాయింపు ఎవరికి?

నియమావళిలోని షెడ్యూలు కె 13వ అంశం 'గృహ వైద్య ఔషధాల'కు అమ్మకపు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆస్పిరిన్, పారాసిటమాల్ మాత్రలు, నొప్పి బామ్‌లు, ఆమ్లహరాలు, పసిపిల్లల గ్రైప్ వాటర్, జలుబుకు పీల్చే ఇన్‌హేలర్లు, దగ్గు మందులు, చర్మానికి, కాలిన గాయాలకు రాసే లేపనాలు, దూది, బ్యాండేజీ, ఆముదం, యూకలిప్టస్ తైలం, టింక్చర్ అయోడిన్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఈ జాబితాను చూపించే పలువురు వ్యాపారులు తమకు లైసెన్సు అవసరం లేదని వాదిస్తుంటారు. జాబితా కింద ఉన్న నాలుగు షరతులను మాత్రం చదవరు.

1. వెయ్యికి మించని జనాభా గల గ్రామంలో మాత్రమే అమ్మాలి. ఆ గ్రామంలో లైసెన్సు గల మందుల దుకాణం ఉండరాదు.

2. ఆ మందుల్లో జి, హెచ్, ఎక్స్ షెడ్యూళ్లకు చెందిన పదార్థాలేవీ ఉండరాదు.

3. లైసెన్సు గల తయారీదారు ప్యాక్ చేసిన రూపంలోనే, విప్పకుండా అమ్మాలి.

4. లైసెన్సు గల టోకు వ్యాపారి లేదా తయారీదారు వద్దనే కొనుగోలు చేయాలి.

నాలుగు షరతులూ ఏకకాలంలో నెరవేరాలి. కీసర విషయంలో మొదటి షరతు వద్దనే మినహాయింపు వీగిపోతుంది. జనాభా వెయ్యిని ఎన్నడో దాటింది, మందుల దుకాణాలూ వెలిశాయి. పైగా ఔటర్ రింగు రోడ్డు పరిసరాల్లోని 51 గ్రామ పంచాయతీలను 2024 సెప్టెంబరులో సమీప పురపాలికల్లో కలిపినపుడు ఈ ప్రాంత గ్రామాలూ అందులో ఉన్నాయి. ఊరు పట్టణంలో కలిసినా కిరాణా వ్యాపారి అలవాటు మాత్రం పల్లె నాటిదే. చిక్కంతా అక్కడే వస్తోంది.

మూడో షరతు కూడా గమనార్హం. అట్టను కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెట్టడం మన కొట్లలో సర్వసాధారణం. వెయ్యి లోపు జనాభా గల ఊరిలోనైనా మినహాయింపు కింద అమ్మేవారు ఇలా చేయరాదు. కత్తిరించిన ముక్కపై గడువు తేదీ, బ్యాచ్ నంబరు మిగలకపోవచ్చు.

చిన్న వ్యాపారికి పరిమిత లైసెన్సు

ఫార్మసిస్టును నియమించుకోలేని చిన్న వ్యాపారికి చట్టం పూర్తిగా తలుపు మూయలేదు. నియమావళి 62-ఎ కింద 'పరిమిత లైసెన్సు' అనే ఏర్పాటు ఉంది. అర్హత గల వ్యక్తి పర్యవేక్షణ అవసరం లేని మందులకు మాత్రమే ఇది వర్తిస్తుంది. సాధారణ మందులకు ఫారం 20-ఎ, సి, సి1 షెడ్యూళ్లలోని వాటికి ఫారం 21-ఎ రూపంలో లైసెన్సు ఇస్తారు. దరఖాస్తు ఫారం 19-ఎలో చేయాలి. నియమావళిలోని రుసుము 500 రూపాయలు.

ఇది అడిగిన వారందరికీ దక్కే హక్కు కాదు. స్థలం తగినదిగా ఉందా, దరఖాస్తుదారు వృత్తి ఏమిటి, అంతకుముందు సంవత్సరంలో ఆ ప్రాంతంలో ఎన్ని లైసెన్సులు ఇచ్చారు అన్న అంశాలను లైసెన్సింగ్ అధికారి పరిశీలించి నిర్ణయిస్తారు. మందుల దుకాణాలు దగ్గరలో ఉన్న కాలనీ కంటే, అవి లేని మారుమూల పల్లెకు ఈ ఏర్పాటు ఎక్కువ ఉపయోగకరం. లైసెన్సు పొందినవారు అందులో పేర్కొన్న మందులనే అమ్మాలి. బిల్లు మీద, లైసెన్సు గల వ్యాపారి వద్దనే సరుకు కొనాలి. లైసెన్సు పత్రాన్ని జనానికి కనిపించేలా దుకాణంలో వేలాడదీయాలి.

పురపాలక సంఘం ఇచ్చే ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు, ఆహార భద్రత లైసెన్సు, జీఎస్టీ నమోదు వంటివి ఎన్ని ఉన్నా ఔషధ లైసెన్సుకు ప్రత్యామ్నాయం కావు.

మందుల దుకాణం పెట్టాలంటే

పూర్తి స్థాయి చిల్లర దుకాణానికి ఫారం 20, ఫారం 21 లైసెన్సులు రెండూ అవసరం. ఫారం 20 సాధారణ మందులకు, ఫారం 21 టీకాలు, ఇన్సులిన్ వంటి సి, సి1 షెడ్యూళ్ల మందులకు వర్తిస్తాయి. దరఖాస్తు ఫారం 19లో ఉండాలి. నియమావళిలోని రుసుము 1,500 రూపాయలు. టోకు వ్యాపారానికి ఫారం 20-బి, 21-బి వేరు.

స్థలం: చిల్లర దుకాణానికి గానీ టోకు దుకాణానికి గానీ కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. రెండూ ఒకేచోట నడిపితే 15 చదరపు మీటర్లు తప్పనిసరి. మందులు పాడవకుండా నిల్వ చేసే సదుపాయం ఉండాలి. చల్లగా ఉంచవలసిన మందులకు ఫ్రిజ్ అవసరం.

ఫార్మసిస్టు: వైద్యుని చీటీపై ఇచ్చే ప్రతి మందూ నమోదిత ఫార్మసిస్టు స్వయంగా గానీ, ఆయన ప్రత్యక్ష పర్యవేక్షణలో గానీ ఇవ్వాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ సైతం ఇదే చెబుతోంది. ధ్రువపత్రాన్ని అద్దెకిచ్చి, దుకాణంలో కనిపించని ఫార్మసిస్టుతో ఈ నిబంధన నెరవేరదు.

ప్రతి చోటుకూ వేరు లైసెన్సు: లైసెన్సు ఆ చిరునామాకే పరిమితం. రెండో శాఖకు రెండో లైసెన్సు కావాలి. శివరాత్రికి కీసరగుట్ట జాతరలో తాత్కాలిక దుకాణం వేసి మందులు అమ్మాలన్నా ఊరిలోని దుకాణం లైసెన్సు అక్కడ చెల్లదు.

కాలపరిమితి: గతంలో ఐదేళ్లకోసారి లైసెన్సును పునరుద్ధరించుకునేవారు. 2017 అక్టోబరు సవరణతో ఆ పద్ధతి మారింది. ఐదేళ్లు పూర్తయ్యేలోగా కొనసాగింపు రుసుము చెల్లిస్తే లైసెన్సు అమలులో ఉంటుంది. గడువు దాటితే ఆరు నెలల వరకు నెలకు 2 శాతం చొప్పున అపరాధ రుసుముతో చెల్లించవచ్చు. అప్పటికీ కట్టకుంటే లైసెన్సు రద్దయినట్లే.

బోర్డు: దుకాణం బోర్డు మీది పేరుకూ నిబంధన ఉంది. ఫార్మసిస్టు అవసరం లేని దుకాణం 'డ్రగ్ స్టోర్' అని, ఫార్మసిస్టు ఉండి మందులు స్వయంగా కలిపి తయారు చేయని దుకాణం 'కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్' అని రాసుకోవాలి. మందులు కలిపి ఇచ్చే సదుపాయం, ఫార్మసిస్టు రెండూ ఉన్నవారికే 'ఫార్మసీ' అన్న పేరు.

లైసెన్సు అక్కర్లేనివి

కిరాణా కొట్లలో దశాబ్దాలుగా బామ్ డబ్బాలు అమ్ముతున్నారు కదా అన్న సందేహం సహజం. వాటిలో పలు రకాలు ఆయుర్వేద ఔషధాలుగా తయారీ లైసెన్సు పొందినవి. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల తయారీకే చట్టం లైసెన్సు విధించింది గానీ చిల్లర అమ్మకానికి విధించలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తెలుగువారి ప్రతి ఇంటికీ చేరడం చూశాం. అటువంటి ఆయుర్వేద బామ్‌లను కిరాణాలో అమ్మడం నేరం కాదు. అట్టపై 'ఆయుర్వేద ఔషధం' అన్న మాట ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. హోమియో మందుల అమ్మకానికి మాత్రం ఫారం 20-సి లైసెన్సు ఉండాలి.

నమోదిత వైద్యుడు బహిరంగ దుకాణం నడపకుండా తన రోగులకే మందులివ్వడానికి షెడ్యూలు కె అనుమతిస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ కార్యక్రమాల కింద ఇచ్చే మందులకూ మినహాయింపు ఉంది. అయితే గ్రామాల్లో 'ఆర్ఎంపీ'లుగా పిలిపించుకునే అర్హత లేని వైద్యులకు ఈ వెసులుబాటు లేదు. వారి క్లినిక్‌లలో మందులు నిల్వ ఉంచడం లైసెన్సు లేని నిల్వ కిందికే వస్తుంది. 2023 నుంచి డీసీఏ అధికారులు రాష్ట్రవ్యాప్తంగా ఇటువంటి క్లినిక్‌లపై దాడులు చేసి మందులు స్వాధీనం చేసుకున్న సందర్భాలు పలుమార్లు వెలుగుచూశాయి.

ఎందుకింత పట్టు?

ఒక మాత్రకు ఇంత తతంగమా అన్న ప్రశ్నకు ఇటీవలి రెండు ఉదంతాలు సమాధానమిస్తాయి.

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో 2025లో దగ్గు మందు తాగిన 20 మందికి పైగా చిన్నారులు మరణించారు. 'కోల్డ్‌రిఫ్' సిరప్ ఎస్ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉన్నట్లు తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. తెలంగాణ డీసీఏ 2025 అక్టోబరులో ఆ బ్యాచ్‌ను వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది. అక్కడ పిల్లలకు ఆ మందును వైద్యులే రాసిన మాట నిజమే. అయినా లైసెన్సు అవసరం ఏమిటో ఈ ఉదంతం చూపుతుంది. ఇటువంటి హెచ్చరిక వెలువడినపుడు టోకు వ్యాపారి బిల్లులు తిరగేసి, ఏ దుకాణానికి ఎన్ని సీసాలు వెళ్లాయో గుర్తించి వెనక్కి రప్పిస్తారు. బిల్లు లేకుండా కిరాణా కొట్టుకు చేరిన సీసా ఈ లెక్కకు చిక్కదు. హెచ్చరిక పత్రికలో వచ్చినా ఆ సీసా అలమారలోనే ఉంటుంది. ఈ ఘటనల తరువాత షెడ్యూలు కె 13వ అంశం నుంచి దగ్గు సిరప్‌లను తొలగించాలన్న ప్రతిపాదన 2025 చివర్లో కేంద్రం ముందుకు వచ్చింది.

రెండోది మన రాష్ట్రంలోనిదే. ఉనికిలోనే లేని 'మెగ్ లైఫ్‌సైన్సెస్' అనే కంపెనీ పేరుతో మార్కెట్లోకి వచ్చిన మందులను 2024లో డీసీఏ పట్టుకుంది. యాంటీబయాటిక్ ఉండవలసిన మాత్రల్లో సుద్దపొడి, పిండి ఉన్నట్లు బయటపడింది. లైసెన్సు గల వారి వద్ద, బిల్లు మీద కొనాలన్న షరతు ఇటువంటి సరుకును అడ్డుకోవడానికే.

మందులా కనిపించే సరుకుతోనూ జాగ్రత్త అవసరం. 'ఓఆర్ఎస్' పేరుతో తీపి పానీయాలను అమ్మడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆహార ఉత్పత్తుల పేర్లలో ఆ పదాన్ని వాడరాదని జాతీయ ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన అసలు ఓఆర్ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములు. అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, మిగిలినవి లవణాలు. దానిని లీటరు నీటిలో కలపాలి.

శిక్షలు ఇవీ

లైసెన్సు లేకుండా మందులు అమ్మినా, అమ్మకానికి నిల్వ ఉంచినా చట్టంలోని 27వ సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. జరిమానా లక్ష రూపాయలకు గానీ, స్వాధీనం చేసుకున్న మందుల విలువకు మూడు రెట్లకు గానీ, ఏది ఎక్కువైతే దానికి తగ్గరాదు. 2008 సవరణ ఈ శిక్షలను పెంచింది. ప్రత్యేక కారణాలను తీర్పులో నమోదు చేస్తే న్యాయస్థానం శిక్షను తగ్గించవచ్చు.

మందు ఎక్కడ కొన్నారో చెప్పవలసిన బాధ్యత 18-ఎ సెక్షన్ కింద అమ్మకందారుదే. చెప్పకపోవడం విడిగా నేరం. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు దుకాణాన్ని సోదా చేసే, నమూనాలు తీసుకునే, మందులను స్వాధీనం చేసుకునే అధికారాలున్నాయి. స్వాధీనం చేసుకున్న వాటికి రసీదు ఇవ్వాలి. దానిని అడిగి తీసుకోవడం వ్యాపారి హక్కు.

లైసెన్సు గల దుకాణం షరతులను ఉల్లంఘిస్తే సంజాయిషీ కోరిన తరువాత లైసెన్సును సస్పెండ్ చేయవచ్చు లేదా రద్దు చేయవచ్చు. ఆ ఉత్తర్వుపై మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకునే వీలుంది.

కొనుగోలుదారులు గమనించవలసినవి

* లైసెన్సు పత్రం కనిపించేలా ఉందో లేదో చూడాలి. అందులోని చిరునామా ఆ దుకాణానిదే కావాలి.

* బిల్లు అడగాలి. దానిపై బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండేలా చూసుకోవాలి. మందుతో ఇబ్బంది తలెత్తితే బిల్లే సాక్ష్యం.

* అట్టను కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న భాగం చూపించమనాలి. గడువు తీరిన మందు అమ్మడం నేరం.

* వైద్యుడు రాసిన షెడ్యూలు హెచ్ మందుకు బదులు వేరేది ఇచ్చే అధికారం దుకాణదారుకు లేదు.

* ముద్రిత గరిష్ఠ ధరకు మించి చెల్లించవలసిన పని లేదు.

* జలుబు, దగ్గు సిరప్‌లను పిల్లలకు సొంతంగా పట్టరాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదన్న హెచ్చరికను అట్టపై ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు.

* పారాసిటమాల్ సాధారణ మందే అయినా మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉండవచ్చు గనుక రెండూ కలిపి వేసుకునే ముందు అట్ట చదవాలి.

మందు నాణ్యతపై అనుమానం వస్తే 26వ సెక్షన్ కింద ఏ వ్యక్తి అయినా, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమైనా నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. విశ్లేషకుడు సంతకం చేసిన నివేదిక పొందే హక్కు కూడా ఉంది. లైసెన్సు లేని అమ్మకాలు, నకిలీ మందులపై డీసీఏ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు పనివేళల్లో ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పటికే మాత్రలు నిల్వ ఉంచుకున్న కిరాణా వ్యాపారులు రెండింటిలో ఒక దారి ఎంచుకోవాలి. అమ్మకం ఆపి సరుకును కొన్నచోట తిరిగి అప్పగించడం ఒకటి. సహాయ సంచాలకుల కార్యాలయాన్ని సంప్రదించి పరిమిత లైసెన్సుకు దరఖాస్తు చేసుకుని, అది చేతికి వచ్చే వరకు మందులు అమ్మకుండా ఉండటం రెండోది. దరఖాస్తు పెట్టిన రసీదు లైసెన్సు కాదు.